హీరోగారికి వేరే గేటు సరే, వేరే గడియారం ఎందుకు?

మొన్న దసరా సెలవులకి అక్కావాళ్ళు అనంతపురం నుంచి వచ్చారు. అక్క, బావ, ఇద్దరు పిల్లలు, వాళ్ళతో పాటు నాన్న. రెండు నెలల ముందు నుంచే పిల్లలిద్దరూ ఫోన్లో ఒకటే పోరు, పిన్నీ ఈసారి బెంగళూరొస్తే థీమ్ పార్కుకి తీసుకెళ్ళాల్సిందే అని. సరేనని మారతహళ్ళిలో మా ఇంటి నుంచి పొద్దున ఏడింటికే బయల్దేరాం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి పులిహోర కారులోనే తినేసి, గేటు తెరిచేసరికి ముందు వరసలో ఉన్నాం. పార్కు పేరు రాయను, నేను చెప్పబోయేది ఆ ఒక్క పార్కు సంగతి కాదు.

పెద్దోడికి పదకొండేళ్ళు. వాడి ప్రాణమంతా రోలర్ కోస్టర్ మీదే. పండగ రష్షు, లైను మెలికలు మెలికలు తిరిగి ఉంది. యాభై నిమిషాలు నిలబడ్డాం. ఇంకో రెండు ట్రిప్పులైతే మా వంతు అనగా రైడు నడిపే కుర్రాడి వాకీటాకీలో ఏదో వినబడింది, వాడు గొలుసు అడ్డం పెట్టి "ఐదు నిమిషాలు ఆగండి, టెక్నికల్ చెక్" అన్నాడు. ముందు కన్నడలో, తర్వాత తెలుగులో, తర్వాత హిందీలో. ఆ చెక్ ఏంటో రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. రైడు దిగి బయటికి వెళ్ళే దారిలోంచి నలుగురు బౌన్సర్లు, వాళ్ళ మధ్యలో మన తెలుగు హీరో ఒకాయన, ఆయన పిల్లలు, చుట్టాలు. లైనంతా ఒక్క అరుపు. అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి. మా బావైతే "అన్నా!" అని గొంతు చించుకున్నాడు. ఆయన కూడా పాపం నవ్వుతూ అందరికీ దణ్ణం పెట్టాడు.

బండి మొత్తం ఖాళీ చేసి వాళ్ళు తొమ్మిది మందే ఎక్కారు, రెండు రౌండ్లు తిరిగారు, ఎక్కే ముందు ఫోటోలు, దిగాక ఫోటోలు, అంతా కలిపి ఇరవై నిమిషాలు. అప్పుడు మా పెద్దోడు అడిగాడు, "పిన్నీ, వాళ్ళు ఎప్పుడొచ్చి నిలబడ్డారు?" అని. వాడు కోపంతో అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. వాడి లెక్కలో ముందు ఎక్కేవాళ్ళు అంటే మనకన్నా ముందొచ్చి నిలబడ్డవాళ్ళే, ఇంకో రకం ఉంటుందని వాడికి తెలీదు. నేనేదో సర్దిచెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే నిజం చెప్పాలంటే "వాళ్ళు నిలబడలేదురా" అనాలి, ఆ తర్వాత "ఎందుకు" అంటాడు.

ఆ ఎందుకు గురించే ఇన్ని రోజులుగా ఆలోచిస్తున్నా.

బావ మాట, నాన్న మాట

తిరిగొచ్చేటప్పుడు కారులో ఇదే గొడవ. బావ వాదన ఏంటంటే, ఆయన పొద్దున లేస్తే షూటింగు, ఎప్పుడో ఏడాదికోసారి పిల్లల్ని తీసుకొస్తాడు, పైగా వాళ్ళు ఎక్కింది మహా అయితే ఐదు నిమిషాలు, దానికి ఇంత రాద్ధాంతమా అని. ఇంకో మాట కూడా అన్నాడు, అది కొంచెం ఆలోచించాల్సిందే. "లైన్లో ఎవరికైనా కోపమొచ్చిందా చెప్పు? అందరూ సంబరపడ్డారు కదా." నిజమే, చాలామంది సంబరపడ్డారు. నేను కూడా ఒక ఫోటో తీశాను, ఇప్పటికీ ఫోన్లో ఉంది.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. అంతసేపూ ఏం మాట్లాడకుండా కూర్చుని, చివరికి తన సర్వీసు సంగతి చెప్పారు. బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఖర్చీఫ్ వేసేవాళ్ళు, తువ్వాలు వేసేవాళ్ళు, కొంతమంది పిల్లల్ని కూడా కిటికీలోంచి లోపలికి తోసేవాళ్ళు, ఆ సీటు గొడవలు తీర్చలేక తల ప్రాణం తోకకొచ్చేదని. "నేను ఒకటే చెప్పేవాణ్ణి. ఖర్చీఫ్‌కి సీటు లేదు, మనిషికే సీటు. ఎస్సైగారి ఖర్చీఫైనా అంతే." బావ నవ్వాడు గానీ నాకు ఆ మాట పట్టుకుంది. సెలబ్రిటీ అంటే ఒక పెద్ద ఖర్చీఫే కదా. మనిషి రాకముందే పేరు వచ్చి సీట్లో పడుతుంది.

బావ చెప్పిన ఐదు నిమిషాల లెక్క ఆ రాత్రి కాగితం మీద వేసి చూశా. ఆ బండికి 20 సీట్లు, నాలుగు నిమిషాలకో ట్రిప్పు. ఇరవై నిమిషాలు ఆపేశారంటే ఐదు ట్రిప్పులు, అంటే 100 సీట్లు. ఎక్కింది తొమ్మిది మంది, రెండు సార్లు, అంటే 18 సీట్లు వాడుకున్నారు. మిగతా 82 సీట్లు ఎవరికీ దక్కకుండా గాల్లో కలిసిపోయాయి. మామూలుగా అందరితో పాటు ఎక్కించేసి ఉంటే మాకు ఒక ట్రిప్పు కూడా పోయేది కాదు. ఇది చూశాక నా కోపం కొంచెం దారి మార్చుకుంది. మన టైము ఎక్కువగా తిన్నది ఆయన ముందు దూరడం కూడా కాదు, ఆయన చుట్టూ పార్కు వాళ్ళు చేసిన హడావిడి.

అలాగని రెండు నిమిషాలైతే ఫర్వాలేదా అంటే, అక్కడా నాకు మనసొప్పలేదు. ఒక్క హీరో వస్తే రెండు నిమిషాలు. కానీ ఆ గేటు హీరో ఒక్కడి కోసమే తెరిచి ఊరుకోరు. తర్వాత ప్రొడ్యూసర్ గారి అబ్బాయి, ఆ తర్వాత కార్పొరేటర్ గారి బామ్మర్ది, ఆ తర్వాత ఎవరో అధికారి ఇంటికొచ్చిన చుట్టాలు. వీఐపీ అన్న మాట సాగినంతగా మన భాషలో ఇంకో మాట సాగదు.

నేను కూడా ఆ గేటులోంచి వెళ్ళినదాన్నే

ఇది రాయకపోతే నాకే నిద్రపట్టదు. 2018లో మేం తిరుమల వెళ్ళాం. బావ ఫ్రెండు ద్వారా ఒక ఎమ్మెల్యే సిఫార్సు లేఖ సంపాదించి బ్రేక్ దర్శనానికి వెళ్ళాం. అప్పట్లో వాటిల్లో మళ్ళీ ఎల్1, ఎల్2, ఎల్3 అని తరగతులు ఉండేవి, మాకు వచ్చినదాన్ని గురించి కూడా అక్కావాళ్ళ అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు. మేం గబగబా నడిచి వెళ్తుంటే పక్కన ఇనప చువ్వల అవతల సర్వదర్శనం జనం. రాత్రి నుంచి కంపార్ట్‌మెంట్లో కూర్చుని వచ్చినవాళ్ళు. గుండు చేయించుకున్న ఒక పెద్దావిడ చువ్వల మధ్య నుంచి నన్ను చూసి, "అమ్మా, మీ టికెట్టు ఎంతైంది?" అని అడిగింది. డబ్బు కట్టి వెళ్తున్నామేమో, ఇంకోసారి వచ్చినప్పుడు తనూ కూడబెట్టుకుని కొనుక్కుందామని అనుకుంది కాబోలు. అసలు సంగతి నా నోటితో నేను చెప్పలేకపోయాను. ముందుకు నడిచేశాను.

మరుసటి ఏడాది, 2019లో, ఆ ఎల్1 ఎల్2 అంతస్తులు తీసేశారు. బ్రేక్ దర్శనం ఉంది, 300 రూపాయల దర్శనం ఉంది, శ్రీవాణి ట్రస్టుకి పదివేలు ఇస్తే ఇంకో దారుంది. ఆ చర్చ ఇప్పుడు ఎత్తను, అది వేరే, అందులో భక్తి ఉంది, గుడి నడవాల్సిన ఖర్చులున్నాయి. కానీ 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి ఆరుగురు చనిపోయిన రోజు నాకు ఆ పెద్దావిడే గుర్తొచ్చింది. ఉచిత టోకెను కోసం ప్రాణాలు పోయేంత తోపులాట ఒకవైపు, సిఫార్సు లేఖతో నడిచివెళ్ళిన నేను ఒకవైపు.

అందుకే హీరోగారి మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు. గేటు తెరిచి రమ్మంటే ఎవరైనా వెళ్తారు, నేనూ వెళ్ళాను. తెరిచే చెయ్యి గురించే నా బాధంతా.

మరి లైన్లో నిలబెట్టమంటావా?

ఇదే అసలు కష్టమైన ప్రశ్న, మా ఆయన వేసిన ప్రశ్న. హీరోగారిని ఆ మెలికల లైన్లో, ఆ వందలమంది మధ్యలో నిజంగా నిలబెడితే ఏమవుతుంది?

ఏమవుతుందో మనం చూశాం. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర, హీరో సినిమా చూడ్డానికి వచ్చిన చోట, తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. సరిగ్గా ఆర్నెల్లకి, 2025 జూన్ 4న, మా బెంగళూరులోనే చిన్నస్వామి స్టేడియం బయట ఆర్సీబీ గెలిచిన సంబరంలో 11 మంది పోయారు. ఆ రోజు మా ఆఫీసు పిల్లలు ఇద్దరు వెళ్ళారు, మెట్రోలో జనం చూసి కబ్బన్ పార్క్ నుంచే వెనక్కి తిరిగొచ్చేశారు, ఆ సాయంత్రం వాళ్ళ ఫోన్లు కలవక నేను పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. మన దగ్గర అభిమానం అంటే ముట్టుకోవడం. చూస్తే చాలదు, చెయ్యి తగలాలి. అలాంటి చోట, ఇనప కమ్మీల మధ్య, పక్కన చిన్నపిల్లలున్న లైన్లో హీరోని నిలబెట్టి "సమానత్వం" అంటే, ఆ సమానత్వం బరువు మా పెద్దోడి మీదే పడుతుంది.

1959లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ అమెరికా వెళ్ళినప్పుడు డిస్నీలాండ్ చూస్తానంటే భద్రత చూసుకోలేమని వద్దన్నారు, ఆయన నలుగురిలోనే మండిపడ్డాడు. అంత పెద్ద దేశాధినేతకి కూడా జనం మధ్యలో తిరిగే వీలు లేకపోయింది. పేరున్నవాళ్ళు ఎక్కడికొచ్చినా వాళ్ళ వెనకే ఒక ప్రమాదం వస్తుంది, అది వాళ్ళ తప్పూ కాదు, మన తప్పూ పూర్తిగా కాదు.

ఇంకొకటి. ఆ రోజే వాటర్ రైడ్ల దగ్గర ఒక సీరియల్ నటి కనబడింది. ఏ బౌన్సరూ లేకుండా, మామూలుగా అందరి లాగే టికెట్టు కొనుక్కుని కూతురితో వచ్చినట్టుంది. వేవ్ పూల్‌లో తడిసిన బట్టల్లో ఉన్న ఆమెని చుట్టూ నిలబడి ఏడెనిమిది మంది ఫోన్లతో తీస్తున్నారు. అసలు పూల్ దగ్గరికి ఫోన్లు ఎలా తెచ్చారో ఏమో. ఆమె పాపని ముందు పెట్టుకుని, వాళ్ళకి వీపు పెట్టి, పది నిమిషాలు అలాగే ఉండి వెళ్ళిపోయింది. ఆ పాప ఏడుస్తోంది, ఇంకాసేపు ఆడతానని. ఆమె స్పెషల్ ట్రీట్‌మెంట్ అడగలేదు, మనం ఆమెకి ఇచ్చింది ఇది. ఆ పాపని చూశాక "అందరికీ ఒకటే రూలు, అంతే" అని తెగేసి చెప్పడం నా వల్ల కాలేదు.

కొలత కర్ర

అయితే ఆ హీరోగారు వచ్చినప్పుడే ఇంకో సంగతి జరిగింది, అది మొదట్లో కావాలనే చెప్పలేదు. ఆయన చిన్నబ్బాయికి ఆరేడేళ్ళు ఉంటాయి. రైడు ఎక్కబోతుంటే ఆ కుర్రాడు, మాకు టెక్నికల్ చెక్ అని అబద్ధం చెప్పిన ఆ కుర్రాడే, బాబుని ఆపి ఎత్తు కొలిచే బోర్డు దగ్గర నిలబెట్టాడు. గీత కంటే ఒక జానెడు తక్కువ. బౌన్సరు వచ్చి చెవిలో ఏదో అన్నాడు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ ఊపాడు. అప్పుడు హీరోగారే వచ్చి "వదిలేయ్" అన్నట్టు చెయ్యి ఊపి, బాబు చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. మిగతావాళ్ళు ఎక్కారు.

చూడండి, టైము విషయంలో ఆ కుర్రాడు అబద్ధం చెప్పాల్సి వచ్చింది, ఎత్తు విషయంలో చెప్పాల్సిన పని రాలేదు. ఎత్తు రూలు అందరి ముందూ గోడ మీద రాసుంది, దాన్ని ఎవరి కోసమూ మార్చరని వాడికి ధైర్యం ఉంది. టైము రూలు ఎక్కడా రాసి లేదు, పైనుంచి వాకీటాకీలో ఏదొస్తే అదే. పదిహేను ఇరవై వేల జీతానికి పనిచేసే పిల్లాడి చేత రెండొందల మంది ముందు అబద్ధం ఆడించారు. చేసే పనిలో తప్పు లేదనుకుంటే "ఫలానా ఆయన వస్తున్నారు, ఇరవై నిమిషాలు ఆగుతుంది" అని మైకులో చెప్పొచ్చుగా. చెప్పలేదంటే వాళ్ళకీ తెలుసు.

డిస్నీ వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది, నాకు అది చదివినప్పుడు దారి దొరికినట్టు అనిపించింది. వైకల్యం ఉన్నవాళ్ళకి అక్కడ ఇదివరకు ఒక కార్డు ఉండేది, దాంతో చాలాచోట్ల లైను లేకుండా వెళ్ళిపోవచ్చు. 2013లో ఏం బయటపడిందంటే, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ళు కొందరు వైకల్యం ఉన్నవాళ్ళని అద్దెకి మాట్లాడుకుని, వాళ్ళని వెంటపెట్టుకుని లైన్లు దాటేస్తున్నారని. ఆ ఏడాది అక్టోబర్‌లో పద్ధతి మార్చేశారు. కొత్త పద్ధతిలో ఆటిజం లాంటివి ఉన్నవాళ్ళు ఎండలో, జనంలో నిలబడక్కర్లేదు, కానీ లైను ఎంతసేపు ఉందో ఇంచుమించు అంతసేపు తర్వాతి టైము ఇస్తారు, ఆ లోపు నీడలో కూర్చోవచ్చు, ఏదైనా తినొచ్చు, ఆ టైముకి వస్తే ఎక్కిస్తారు. అంటే నిలబడే కష్టం తీసేశారు, ఆగే టైము మాత్రం అందరితో సమానంగా ఉంచారు.

ఒక ఆటిజం ఉన్న పిల్లాడు నలభై నిమిషాలు పక్కన కూర్చుని ఆగుతున్నాడు. సెలబ్రిటీ మాత్రం ఎందుకు ఆగకూడదు? అక్కడే డబ్బున్నవాళ్ళకి వేరే ఏర్పాటు ఉంది, గంటకి వందల డాలర్లు, కనీసం ఏడు గంటలు బుక్ చేసుకుంటే ఒక గైడు వెంట ఉండి పదిమంది దాకా గబగబా తిప్పి చూపిస్తాడు. లైను తగ్గించడానికి 1999లో అందరికీ ఉచితంగా మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్ తీసేసి 2021 నుంచి డబ్బులకి అమ్ముతున్నారు. కాబట్టి డిస్నీని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. వాళ్ళు అవసరం ఉన్నవాళ్ళకి పెట్టిన రూలు తీసుకుని, పేరున్నవాళ్ళకి కూడా అదే పెట్టమంటున్నా.

వెనక గేటులోంచి రానివ్వండి. పార్కింగు లోపలికి ఇవ్వండి. బౌన్సర్లని పెట్టుకోనివ్వండి, ఫోన్లు తీసేవాళ్ళని వారించండి, ఆ సీరియల్ నటికి కూడా, ఆమె అడగకపోయినా, పాపతో ప్రశాంతంగా ఆడుకునే ఒక మూల చూపించండి. ఇవన్నీ రక్షణ. వీటికి నా వంతు డబ్బు టికెట్లో కలిపినా నాకు బాధ లేదు. కానీ లైను యాభై నిమిషాలుంటే వాళ్ళకి యాభై నిమిషాల తర్వాతి టైము ఇచ్చి, ఏసీ గదిలోనే కూర్చోబెట్టండి. వంతు వచ్చినప్పుడు చివరి వరస సీట్లలో ఎక్కించండి, మిగతా సీట్లు ఖాళీగా తిప్పకండి. సర్వదర్శనం టోకెను మీద టైము రాసిస్తే ఆ టైముకి వెళ్ళడం మన జనానికి బాగా అలవాటే, కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

2017 మే 1న మన దేశంలో మంత్రుల కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసేశారు, అంబులెన్సుల్లాంటి ఎమర్జెన్సీ బళ్ళకి మాత్రం లైటు ఉంచారు. అప్పుడు కూడా అందరూ అన్నారు, పెద్దవాళ్ళు టైముకి ఎలా వెళ్తారు అని. రోగి దారి వేరు, హోదా దారి వేరు అని రోడ్డు మీద ఒప్పుకున్నాం కదా, అదే మాట ఆటల దగ్గర ఒప్పుకోవడానికి ఏమైంది?

ఇలా పెడితే హీరోలు రారు, పార్కుకి పబ్లిసిటీ పోతుంది అంటారు. కొందరు రాకపోవచ్చు. 1993లో బ్రిటన్ యువరాణి డయానా ఇద్దరు కొడుకుల్ని లండన్ దగ్గర థోర్ప్ పార్కుకి తీసుకెళ్ళి అందరి లాగే లైన్లో నిలబెట్టింది, ఆ ఫోటోలు ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చూస్తున్నారు. అంతకన్నా పబ్లిసిటీ ఏ పార్కుకి కావాలి? పైగా హీరోగారి పిల్లలు హీరోలు కాదు, పిల్లలే. ఏ రోజూ దేనికోసమూ ఆగకుండా పెరిగే పిల్లాడికి మనం మంచి చేస్తున్నామా అని కూడా నాకు అనుమానం, కానీ అది వాళ్ళ అమ్మానాన్నలు చూసుకోవాల్సింది, నేను కాదు.

ఇదంతా రాసి పార్కు వాళ్ళకి మెయిల్ పంపాను. ఆ కుర్రాడు పనిచేసే రైడు పేరు మాత్రం రాయలేదు, వాడి మీదికి వస్తుందని.

"మరి సెలబ్రిటీ అంతసేపు పక్కన కూర్చుంటాడా, సాధ్యమేనా" అని మా ఆయన ఇప్పటికీ అంటున్నారు. సాధ్యమేనని నేను చూశాను. ఎత్తు సరిపోని చిన్నబ్బాయిని పక్కకి తీసుకెళ్ళిన ఆ హీరోగారు, మిగతావాళ్ళు రెండు రౌండ్లు తిరిగొచ్చేదాకా స్టాఫ్ కోసం వేసిన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరు బౌన్సర్లు అడ్డంగా నిలబడ్డారు, అంతే. మా లైనుకీ ఆ బెంచీకీ మధ్య ఒక కమ్మీ. ఎవరూ దూకలేదు, ఎవరూ మీద పడలేదు, కాసేపటికి ఫోన్లు కూడా దిగిపోయాయి. బాబు అలిగి కాళ్ళు నేలకేసి కొడుతుంటే ఆయన వంగి వాడి షూ లేసు విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, ఏదో కథ చెప్తున్నాడు. పది నిమిషాల పైనే కూర్చున్నాడు.